కాళ్ళకు దిగిన నీటిని చిన్నచూపు చూడొద్దు

రేపల్లె దిగువన, సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, ఆగస్టులో నాట్లు మొదలైతే పొద్దున ఆరుకల్లా ముఠాలు గట్ల మీద ఉంటాయి. రెండేళ్ళ కిందట అట్లాంటి ఒక ముఠా దగ్గరకు కూలిరేట్ల సంగతి మాట్లాడటానికి వెళ్ళాం. ముఠాలో పెద్దది ఒకామె, నలభై అయిదేళ్ళుంటాయి. ఊరంతా అత్తా అని పిలుస్తుంది, మేమూ అట్లాగే పిలుస్తాం. పేరు వ్రాయడం లేదు. గట్టు మీద కూచుని కాలిమెట్టె తీయడానికి తంటాలు పడుతున్నది. వేలు ఉబ్బి మెట్టె కండలోకి దిగిపోయింది.

"ఏందత్తా, కాళ్ళట్లా ఉన్నయ్యి?" అని అడిగాం.

"ఏముందయ్యా! పొద్దస్తమానం బురదలో నిలబడితే నీరు దిగదా? నాట్లయిపోతే అదే తగ్గుద్ది" అన్నది. సాయంత్రం ఇంటికెళ్ళాక నడుం నొప్పికీ కాళ్ళ నొప్పికీ కలిపి ఒక బిళ్ళ వేసుకుంటున్నానని కూడా చెప్పింది. ముఠాలో సగంమంది ఆ బిళ్ళలే వేసుకుంటున్నారు.

మేము చెప్పిందేమిటి? "రాత్రి కాళ్ళ కింద దిండు పెట్టుకో, నీళ్ళు బాగా తాగు" అని చెప్పి, కూలిరేటు మాట్లాడి వచ్చేశాం.

ఇరవై రోజులకు అత్త మంచాన పడింది. ఆకలి లేదు, ఒకటే నీరసం. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన వచ్చి, నీరసానికి బలమని సాయంత్రం రెండు సెలైన్ సీసాలు ఎక్కించాడు. అర్ధరాత్రికి ఆయాసం ఎత్తుకున్నది. పడుకుంటే ఊపిరాడదు. తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూచుంది. 108 బండిలో ఆసుపత్రికి చేర్చారు. రెండు కిడ్నీలూ చాలావరకు పాడైపోయాయని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని, ఎప్పటినుంచో బి.పి. ఉన్నా ఎవరూ చూడలేదని అక్కడ తేలింది.

మరునాడు మేము రేపల్లె బజారులో నాలుగు కొబ్బరిబొండాలు, ఒక అరటి హస్తం కొనుక్కుని చూడబోయాం. నర్సమ్మ వాటిని చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. "ఈమెకు ఇవి పెడితే గుండె ఆగిపోవచ్చు. ఎవరు తెమ్మన్నారు మిమ్మల్ని?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోయాం.

కనీస వేతనాల జీవోలు, పట్టాల లెక్కలు నోటికి వచ్చిన మాకు మనిషి ఒంట్లో నీటి లెక్క తెలియదు. ఆ తర్వాత డాక్టర్ల నడిగి, దొరికిన పుస్తకాలు చదివి, డయాలసిస్ మీద ఉన్న మనవాళ్ళ పక్కన కూచుని తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాం. ఇది డాక్టరుకు బదులు కాదు. డాక్టరు దగ్గరకు ఆలస్యం కాకుండా వెళ్ళడానికి, వెళ్ళివచ్చాక ఇంట్లో జాగ్రత్త పడటానికి మాత్రమే.

ఈ నీరు ఎక్కడిది?

డెల్టా మనిషికి ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. చేలోకి నీరు కాలువలో వస్తుంది, ఎక్కువైనది మురుగు కాలువలో పోతుంది. కొమ్మమూరు కాలువ నీరు ఎంత ముఖ్యమో, బాపట్ల వైపు నల్లమడ డ్రైను పారడం అంతే ముఖ్యం. డ్రైనులో గుర్రపుడెక్క పేరుకుని పూడిక పడితే ఒక్క గట్టి వానకే చేను మునుగుతుంది. అప్పుడు తప్పు వానది ఒక్కదానిదే కాదు, పారని డ్రైనుది కూడా.

మనిషి ఒంటికి డ్రైను మూత్రపిండాలు. వీపు వైపు, పక్కటెముకల కింద, గుప్పెడంతేసి రెండుంటాయి. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల జల్లెళ్ళు. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని రక్తం నుంచి వడపోసి, పనికి వచ్చేదాన్ని తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటకు వదులుతాయి. ఆ మూత్రంతోపాటే ఒంట్లో ఎక్కువైన ఉప్పూ, మలినాలూ పోతాయి.

జల్లెళ్ళు పాడైతే రెండు రకాలుగా నీరు పడుతుంది. మొదటిది, ఉప్పు బయటకు పోదు. ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడ నిలుస్తుంది. రెండోది, రక్తంలో నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు జల్లెడ కన్నాల్లోంచి మూత్రంలోకి కారిపోతుంది. అప్పుడు గట్టు కింద ఊట ఊరినట్టు, నీరు రక్తనాళాల్లోంచి ఊరి చర్మం కిందకు చేరుతుంది. నిలబడి పనిచేసేవాళ్ళకు అది కాళ్ళలోకి దిగుతుంది. పడుకున్నప్పుడు మొహానికీ, నడుముకూ చేరుతుంది.

వాపు కంటికి కనపడేసరికే ఒంట్లో రెండు మూడు లీటర్ల నీరు ఎక్కువ చేరి ఉంటుంది. కనుక కాలు ఉబ్బిన రోజు జబ్బు మొదలైన రోజు కాదు, బయటపడిన రోజు.

ఎట్లా గుర్తుపట్టాలి?

దీనికి యంత్రం అక్కర్లేదు. చీలమండ పైన, ముంగాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి తీయండి. గుంట పడి కాసేపు అట్లాగే ఉంటే అది నీరు. చెప్పుల పట్టీ అచ్చు కాలి మీద చాలాసేపు నిలవడం, మెట్టెలు, ఉంగరాలు, గాజులు బిగియడం, రవిక చేతులు పట్టేయడం కూడా అదే చెబుతాయి. పొద్దున నిద్రలేవగానే కళ్ళ కింద సంచుల్లాగా ఉబ్బి, మధ్యాహ్నానికి మొహం తగ్గి కాళ్ళు ఉబ్బుతుంటే కిడ్నీని అనుమానించాలి.

మూత్రం కూడా చూడాలి. సబ్బు నురగలాగా నురుగు పట్టి, ఎంతసేపటికీ ఆరకుండా ఉంటే ఆల్బుమిన్ పోతున్నదేమో పరీక్ష చేయించాలి. మూత్రం టీ డికాక్షను రంగులోనో, మాంసం కడిగిన నీళ్ళలాగానో ఉంటే రక్తం కలిసి ఉండవచ్చు. రాత్రిళ్ళు మూడు నాలుగుసార్లు లేవాల్సి రావడం, లేదా రోజు మొత్తం మీద మూత్రం బాగా తగ్గిపోవడం, రెండూ చెప్పదగ్గ సంగతులే.

మన ప్రాంతంలో కాలు వాచిందంటే పాతవాళ్ళు ముందు బోదకాలు అనుకుంటారు. అది ఎక్కువగా ఒక కాలికి వస్తుంది, లేదా ఒక కాలు రెండోదానికన్నా లావుగా ఉంటుంది. ముదిరాక చర్మం గట్టిపడి, వేలితో నొక్కినా గుంట పడదు. కిడ్నీ వాపు రెండు కాళ్ళకూ దాదాపు సమానంగా వచ్చి, గుంట పడుతుంది. ఒక్క కాలే ఒక్కసారిగా ఉబ్బి నొప్పి పుడితే నరంలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. అది వెంటనే చూపించుకోవాల్సిన సంగతి.

వాపు అంతా కిడ్నీదే అని కూడా మేము అనడం లేదు. గుండె బలహీనపడినా కాళ్ళు ఉబ్బుతాయి. కాలేయం చెడితే ముందు పొట్ట ఉబ్బుతుంది. రక్తం బాగా తక్కువైతే కాళ్ళు ఉబ్బి, కంటి రెప్ప లోపల పాలిపోయి ఉంటుంది. బి.పి.కి ఇచ్చే అమ్లోడిపిన్ బిళ్ళ కూడా కొందరికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. దానికి భయపడి బిళ్ళ మానేయకూడదు, డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. గర్భిణికి మొహం, చేతులు ఉబ్బి తలనొప్పి వస్తుంటే అది కాన్పు వాపు అని ఊరుకోకుండా ఆ రోజే బి.పి. చూపించాలి. పిల్లలకు గజ్జి పుండ్లు చీముపట్టి మానిన రెండు మూడు వారాలకు మొహం ఉబ్బి, మూత్రం ఎర్రబడితే అది కిడ్నీకి సంబంధించిన జబ్బే. సకాలంలో చూపిస్తే పిల్లల్లో చాలామందికి నయమవుతుంది.

చెంచా, కొవ్వొత్తి

1827లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అనే డాక్టరు ఒళ్ళంతా ఉబ్బి వచ్చిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడి చేసి చూశాడు. కొందరిది గుడ్డు తెల్లసొన ఉడికినట్టు గడ్డకట్టింది. వాళ్ళు చనిపోయాక శవపరీక్ష చేస్తే కిడ్నీలు చెడి ఉన్నాయి. అంతవరకు ఉబ్బు అనేదే ఒక జబ్బనుకున్న వైద్యులకు, దాని వెనుక కిడ్నీ ఉండవచ్చునని చూపింది ఆ చెంచా. చాలాకాలం ఆ జబ్బును బ్రైట్ జబ్బు అనే పిలిచారు.

ఇప్పుడు చెంచా అక్కర్లేదు. ఒక కాగితపు పుల్ల మూత్రంలో ముంచితే ఆల్బుమిన్ ఉన్నదీ లేనిదీ రంగు మారి తెలుస్తుంది. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష రెండోది. బి.పి., చక్కెర చూడటం మూడోది. ఖర్చు పెద్దగా లేని పరీక్షలివి. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. కిడ్నీ పని సగం దాకా తగ్గినా క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. కనుక ఒక్కసారి బాగుందని వస్తే అయిపోలేదు. చక్కెర జబ్బు, బి.పి. ఉన్నవాళ్ళు ఏడాదికొకసారైనా మూత్రమూ రక్తమూ రెండూ చూపించుకోవాలి. తొలిదశలో పట్టుకుంటే బిళ్ళలతో, తిండి మార్పుతో ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చు.

ఉప్పు లెక్క

నీరు పట్టిందంటే అందరూ నీళ్ళు తగ్గించమంటారు. ముందు తగ్గించాల్సింది ఉప్పు. ఎందుకో సెలైన్ సీసా చెబుతుంది. లీటరు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పుంటుంది. మన ఒంట్లో నీరు కూడా ఇంచుమించు అదే ఉప్పదనంలో ఉంటుంది. అంటే బయటకు పోలేని ఉప్పు 9 గ్రాములు మిగిలితే, దానికి జతగా లీటరు నీరు ఒంట్లో నిలవాల్సిందే. దాహం వేయించి మరీ తాగిస్తుంది ఉప్పు. ఉప్పు తగ్గించకుండా నీళ్ళు ఒక్కటే తగ్గించుకోమంటే ఆ మనిషిని హింస పెట్టినట్టే.

అత్తకు ఆ సాయంత్రం ఎక్కించినవి అర లీటరు సీసాలు రెండు. ఒంట్లో నిలిచి ఉన్న నీటి మీద ఇంకో లీటరు నీరు, 9 గ్రాముల ఉప్పు నేరుగా నరంలోకి వెళ్ళాయి. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఎండినవాడికి ప్రాణం పోసే సీసా, ఒళ్ళు ఉబ్బినవాడికి ప్రాణం తీయవచ్చు. నీరసమని చెప్పి సెలైన్ అడగవద్దు. ఎవరైనా పెడతామంటే ముందు కాలు నొక్కి చూపించండి.

ఆరోగ్యవంతుడికే రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. అది ఒక చిన్న చెంచాడు. ఇప్పుడు మన తిండి చూడండి. పొద్దున చద్దన్నంలోకి ఉప్పు, పచ్చడి. మధ్యాహ్నం గట్టు మీద అన్నంలోకి గోంగూర పచ్చడో ఆవకాయో. రాత్రికి నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన ఎండుచేపల పులుసు. కూర వండుకునే తీరిక, కూరగాయలు కొనే డబ్బు లేనివాడికి పచ్చడే కూర. ఇది నాలుక చాపల్యం కాదు. కూలివాడి కంచంలో ఉప్పు ఎక్కువ ఉండటానికి కారణం కూలి తక్కువ ఉండటమే.

అయినా జబ్బు పడినవాళ్ళకు దారి వెతకాలి. ఊరగాయలు, ఎండుచేపలు, అప్పడాలు, వడియాలు, మిక్స్చరు పొట్లాలు పక్కన పెట్టాలి. అన్నంలో, మజ్జిగలో విడిగా ఉప్పు వేసుకోవద్దు. ఇంటిల్లిపాదికీ కూర ఉప్పు లేకుండా పొయ్యి మీద నుంచి దించి, రోగికి తీశాక మిగతాదానిలో కలుపుకోవచ్చు. నిమ్మరసం కొద్దిగా, మిరియాలు, జీలకర్ర, అల్లం, వెల్లుల్లి, కరివేపాకు వేస్తే నోటికి రుచి తగులుతుంది. రెండు మూడు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మే పొట్లాలు మాత్రం కొనవద్దు. వాటిలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, చెడిన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు.

నీళ్ళ లెక్క: ఇద్దరికి రెండు మాటలు

మేము చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఎండలో పనిచేసే ఆరోగ్యవంతుడు నీళ్ళు బాగా తాగాలి. దాహం వేసేదాకా ఆగకూడదు. ఆ మాట నిజం. కాని కిడ్నీ చెడి ఒళ్ళు ఉబ్బి, మూత్రం తగ్గినవాడికి అదే మాట చెబితే విషం. కాళ్ళు ఉబ్బకుండా, మూత్రం మామూలుగా వస్తున్న తొలిదశ రోగి నీళ్ళు మానేసినా నష్టమే. కాబట్టి ఎవరు ఎంత తాగాలో డాక్టరును సూటిగా అడగాలి. "రోజుకు ఎన్ని లీటర్లు తాగొచ్చండీ?" అని అంకె చెప్పించుకుని రండి.

డయాలసిస్ మీద ఉండి మూత్రం బాగా తగ్గినవారికి డాక్టర్లు సాధారణంగా చెప్పే లెక్క ఇది: నిన్న 24 గంటల్లో ఎంత మూత్రం వచ్చిందో అంత, దానిమీద అర లీటరు. నిన్న 300 మిల్లీలీటర్లు వస్తే, ఇవాళ 800. ఇందులో మంచినీళ్ళే కాదు, టీ, మజ్జిగ, చారు, గంజి, బిళ్ళ మింగే నీళ్ళు అన్నీ కలిసి ఉండాలి. మీ డాక్టరు వేరే అంకె చెబితే దాన్నే పట్టుకోండి.

చదువు రానివాళ్ళకు ఒక ఉపాయం మనవాళ్ళే కనిపెట్టారు. పొద్దున సీసాలో ఆ రోజు వాటా నీళ్ళు పోసుకుంటారు. టీ తాగితే అన్ని నీళ్ళు సీసాలోంచి మొక్కకు పోసేస్తారు. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు వాటా అయిపోయినట్టు. దాహానికి నోరు పుక్కిలించి ఉమ్మడం, చిన్న మంచుముక్క చప్పరించడం, నిమ్మచెక్క నాలుకకు రాసుకోవడం చేస్తారు. పెద్ద చెంబు తీసేసి చిన్న గ్లాసు పెట్టుకుంటారు. చక్కెర జబ్బు అదుపులో లేకపోతే దాహం ఆగదు, కనుక అదీ చూసుకోవాలి.

రోజూ పొద్దున మూత్రానికి వెళ్ళివచ్చి, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద, ఒకే రకం బట్టలతో బరువు చూసుకోవాలి. రాత్రికి రాత్రి కండ పెరగదు. కిలో పెరిగితే లీటరు నీరు చేరినట్టే. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆగకుండా ఆసుపత్రికి చెప్పాలి. డయాలసిస్ వారికి నీరంతా తీశాక ఉండాల్సిన బరువును డాక్టరు చెబుతాడు. దాన్ని డ్రై వెయిట్ అంటారు. ఆ అంకె ఇంట్లో అందరికీ నోటికి రావాలి. ఎక్కువ నీరు మోసుకుని వెళితే నాలుగు గంటల్లో అంతా లాగేయాలి. అప్పుడు బి.పి. పడిపోవడం, పిక్కలు పట్టేయడం, కళ్ళు తిరగడం వస్తాయి.

నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్ వంటి బిళ్ళలు వ్రాస్తారు. అవి వేసుకున్నాక మూత్రం ఎక్కువ వస్తుంది కాబట్టి పనికి పోయేటప్పుడు ఇబ్బందని చాలామంది ఆడవాళ్ళు మానేస్తున్నారు. మానవద్దు. ఏ వేళకు వేసుకుంటే వీలో డాక్టరును అడిగి మార్చుకోండి. వాపు తగ్గిందని మీ అంతట మీరు ఆపవద్దు, తగ్గలేదని రెండు వేసుకోవద్దు.

చేయకూడనివి

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ వంటి నొప్పుల బిళ్ళలు కిడ్నీకి రక్తం సరిగా అందకుండా చేస్తాయి, ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెడతాయి. ఎండలో చెమటపట్టి ఒళ్ళు ఎండినప్పుడు వేసుకుంటే దెబ్బ ఇంకా పెద్దది. నాట్లప్పుడు నెల రోజులు రోజుకొకటి మింగే అలవాటు మన ముఠాలను లోలోపల తినేస్తున్నది. నొప్పి భరించలేకపోతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడటం మేలు.

కొబ్బరినీళ్ళు, అరటిపండు రోగికి బలమని తెచ్చే మర్యాద మానుకుందాం. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బాగున్నవాడికి మంచిదే, చెడినవాడికి రక్తంలో అది పెరిగి గుండె లయ తప్పుతుంది. చూడబోయేటప్పుడు పండ్లకు బదులు ఆ డబ్బు వాళ్ళ చేతిలో పెట్టండి. కషాయాలు, భస్మాలు, ఊరూపేరూ లేని పొడులు తాగి ఉన్న కాస్త కిడ్నీని పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

పడుకుంటే ఆయాసం, రాత్రి ఊపిరాడక లేచి కూచోవడం, దగ్గితే నురగ పడటం, గుండెలో నొప్పి, మూత్రం పూర్తిగా ఆగడం, మనిషి మాట తడబడి మత్తుగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు. కూచోబెట్టి, 108కి ఫోన్ చేయండి. రక్తపింజర కాటు తర్వాత, ఎలుకల మూత్రం కలిసిన బురద నుంచి అంటే ఎలుక జ్వరం తర్వాత మూత్రం తగ్గితే కూడా ఇంతే. వాటిలో కిడ్నీ హఠాత్తుగా ఆగినా, వేళకు వైద్యం అందితే చాలాసార్లు తిరిగి పనిచేస్తుంది.

ఇది ఒంటరి మనిషి జబ్బు కాదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, కొబ్బరి, జీడితోటల మధ్య ఊళ్ళకు ఊళ్ళు కిడ్నీ జబ్బుతో ఖాళీ అవుతున్న సంగతి దేశమంతా విన్నది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాలదీ అదే గోడు. ఎన్నో ఏళ్ళ ఆందోళనల తర్వాత 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. నీళ్ళా, ఎండా, మందులా, పుట్టుకతో వచ్చిందా, ఇన్నీ కలిసా అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు.

శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు 1990ల నుంచి ఇట్లాంటి జబ్బే కనపడింది. మధ్య అమెరికాలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో బి.పి., చక్కెర లేని పడుచు కూలీలే కిడ్నీలు చెడి చనిపోతుంటే 2002లో ఎల్ సాల్వడార్ డాక్టర్లు ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు. మండే ఎండలో ఆపకుండా చెరకు నరకడం, నీళ్ళు చాలకపోవడం ముఖ్య కారణాల్లో ఒకటని తర్వాతి పరిశోధనలు చూపాయి. అక్కడి కూలీల మేలు కోరినవాళ్ళు మూడు మాటలు పట్టుకున్నారు: నీళ్ళు, నీడ, విశ్రాంతి.

ఆ మూడూ మన చేలలో ఉన్నాయా? నాట్లకు పోయే ఆడవాళ్ళు పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా చుక్క నీరు తాగకపోవడం మేము చూస్తున్నాం. దాహం లేక కాదు, చాటుకు పోయే చోటు లేక. గుత్తకు ఒప్పుకున్న పని కాబట్టి గట్టెక్కి కూచుంటే ముఠాకు నష్టం. ఉపాధి పనుల దగ్గర మంచినీళ్ళు, నీడ, విశ్రాంతి వేళ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి చట్టంలోనే వ్రాశారు. కాగితం మీద వ్రాసింది గట్టు మీదకు రావడానికి ఎవరో ఒకరు అడుగుతూనే ఉండాలి.

జబ్బు పడ్డాక కష్టం ఇంకొకటి. డయాలసిస్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న పథకంలో జరుగుతుంది. డయాలసిస్ మీద ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛనూ ఇస్తున్నది. పెద్దగా పోరాడితేనే ఇవి వచ్చాయి. కాని వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. వెంట ఒక మనిషి ఉండాలి. రైలో బస్సో పట్టుకుని పోయి రావడంతో రోజంతా గడుస్తుంది. అంటే ఒక్కొక్కసారికి రెండు కూలీలు పోతాయి. బండి తప్పి, డబ్బుల్లేక ఒక్క పూట డయాలసిస్ మానితే ఆ నీరు మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.

కనుక మన సంఘాలు చేయాల్సిన పనులున్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ ఉన్న ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., చక్కెరతోపాటు మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష ఏడాది పొడుగునా జరగాలని అడగాలి. నాట్లకు ముందు ఒకసారి, మినుము తీతలయ్యాక ఒకసారి ముఠాలవారీగా శిబిరాలు పెట్టించాలి. డయాలసిస్ రోగికీ తోడు మనిషికీ రాకపోకల ఖర్చు ఇప్పించాలి. కూలిరేటు మాట్లాడేటప్పుడే చేలో మంచినీళ్ళు, మధ్యలో విశ్రాంతి కూడా ఒప్పందంలో పెట్టాలి. మంచినీళ్ళు మోసే మనిషికి ఒక కూలి అదనంగా అడగడం పెద్ద కోరిక కాదు.

ఇవి వచ్చేలోగా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. అత్త ఉన్న ఊళ్ళో సంఘం తరఫున ఒక బరువు కాటా కొని ఆమె వసారాలో పెట్టాం. బి.పి. ఉన్నవాళ్ళు, చక్కెర ఉన్నవాళ్ళు, కాళ్ళు ఉబ్బేవాళ్ళు అక్కడికి వచ్చి బరువు చూసుకుంటారు. చదువుకునే ఒక పిల్ల నోటుబుక్కులో వ్రాస్తుంది. ఎవరిదైనా రెండు కిలోలు ఎక్కితే అత్తే కేకేస్తుంది. ఆమె ఇప్పుడు నాట్లకు పోలేదు. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు పోయి వస్తుంది, మిగతా రోజుల్లో ఇంటి ముందు నుంచి పోయే ముఠాను ఆపి అడుగుతుంది.

"ఆగండే. కాలు ఇటు చాపు, నొక్కి చూస్తా."

మొన్న ఆ ముఠాలో ఇద్దరి కాళ్ళలో గుంట పడింది. ఇద్దరినీ మరునాడే పరీక్షకు తీసుకెళ్ళాం. ఒకామెకు రక్తం తక్కువ, బిళ్ళలు ఇచ్చారు. రెండో ఆమెకు బి.పి. ఎక్కువగా ఉంది, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నది, క్రియాటినిన్ ఇంకా పెరగలేదు. మందులు మొదలుపెట్టారు. వేళకు పట్టుకున్నారని డాక్టరు అన్నాడు. నొప్పుల బిళ్ళ ఆ రోజు నుంచి మానేసింది.

మీ ఊళ్ళోనూ ఒక కాటా కొనండి. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక, ముందు మీ ఇంట్లో ఆడవాళ్ళ కాళ్ళు చూడండి.